మాట ఏ వైపు ఉంటుంది? – పాల్ బ్రోకా కథ

పాల్ బ్రోకా పేరు మెడికల్ కాలేజీ వాళ్ళకి బాగా తెలుసు. మన దాకా వచ్చేది మాత్రం ఫోన్‌లో కనబడే క్విజ్‌లే, అవీ ఆయన పేరు లేకుండా. లెక్కలొస్తే ఎడమ మెదడట, బొమ్మలొస్తే కుడి మెదడట. ఆ లెక్కన మన క్లాసు మొత్తాన్నీ ఎడమకి తోసేసి, లిటరరీ క్లబ్ వాళ్ళని కుడివైపు కూర్చోబెట్టాలి. అసలు ఈ ఎడమ-కుడి సంగతి లోకానికి గట్టిగా చెప్పిన మనిషి, ఆ ఒక్క ముక్క అనడానికి నాలుగేళ్ళు తటపటాయించాడు.

బ్రోకా 1824లో ఫ్రాన్స్‌లో, బోర్డో నగరానికి తూర్పున ఉన్న ఒక చిన్న పట్నంలో పుట్టాడు. తండ్రి డాక్టరు. 17 ఏళ్ళకే మెడిసిన్‌లో చేరి, పారిస్‌లో పేరున్న సర్జన్ అయ్యాడు. 1859లో ఆంత్రపాలజీ సొసైటీ పెట్టాడు. అక్కడ అప్పట్లో నడిచిన పెద్ద గొడవ ఒకటే: మెదడు మొత్తం ఒకే ముద్దగా పనిచేస్తుందా, లేక ఒక్కో పనికి ఒక్కో చోటు ఉందా? పుర్రె మీది బుడిపెలు తడిమి గుణాలు చెప్పేవాళ్ళ పుణ్యమా అని రెండో మాట అంటే చాలు, జనం నవ్వేవాళ్ళు. ఓబర్తాఁ అనే డాక్టరు మాత్రం మాట మెదడు ముందు భాగంలోనే ఉంటుందని పట్టుబట్టాడు.

సరిగ్గా ఆ రోజుల్లో, 1861 ఏప్రిల్‌లో, పారిస్ పక్కనున్న బిసెత్ర్ ఆసుపత్రిలో బ్రోకా వార్డుకి కాలంతా పుండుపడి కుళ్ళుతున్న ఒక రోగిని తెచ్చారు. పేరు లెబోర్న్, వయసు 51. ఏది అడిగినా టాన్, టాన్ అనేవాడు. అందుకే ఆసుపత్రిలో అందరూ ఆయన్ని టాన్ అనే పిలిచేవాళ్ళు. చెప్పింది మాత్రం అంతా అర్థమయ్యేది. ఇక్కడ ఎన్నేళ్ళ నుంచి ఉన్నావని బ్రోకా అడిగితే, ఎడమ చెయ్యి నాలుగుసార్లు చాపి, ఇంకో వేలు కలిపాడు. 21 ఏళ్ళు. లెక్క కరెక్టే! మర్నాడూ అదే జవాబు. మూడోసారి అడిగేసరికి ఒళ్ళు మండి ఒక తిట్టు తిట్టాడు. మామూలు మాట రాని నోటికి కోపంలో తిట్టు మాత్రం శుభ్రంగా వచ్చింది. ఎడమ చెయ్యే ఎందుకంటే, కుడి కాలూ చెయ్యీ అప్పటికే పడిపోయాయి. శరీరం కుడి సగాన్ని ఎడమ మెదడు నడుపుతుంది కదా.

వారం తిరక్కుండానే, ఏప్రిల్ 17న, ఆయన చనిపోయాడు. మెదడు తీసి చూస్తే ఎడమవైపు ముందు భాగంలో కోడిగుడ్డు పట్టేంత గుంట. బ్రోకా దాన్ని కోయకుండా, ముక్కలు చేయకుండా, అలాగే భద్రపరిచాడు.

మనమైతే ఆ రోజే ఎడమ అని పేపర్ రాసేద్దుం. బ్రోకా ముందు భాగం అన్నాడు గానీ, వైపు గురించి తొందరపడలేదు. రెండు కళ్ళు, రెండు ఊపిరితిత్తులు ఒకటే పని చేస్తుంటే, చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు సగాల్లో ఒకటే మాట్లాడుతుందంటే ఎవరు నమ్ముతారు? 1863 నాటికి ఎనిమిది కేసులు పోగయ్యాయి. అన్నీ ఎడమే. అప్పుడు కూడా వింతగా ఉందని ఊరుకున్నాడు. చివరికి 1865లో, మనం మాట్లాడేది ఎడమ అర్ధగోళంతో అని తేల్చాడు. అందులోనే ఇంకో మంచి మాట ఉంది: ఎడమ దెబ్బతిన్నవాళ్ళకి, పసిపిల్లలకి నేర్పినట్టు ఓపిగ్గా నేర్పితే, కుడి సగం ఆ పని కొంతైనా అందుకోవచ్చని.

ఇక్కడ ఒక తగువు కూడా ఉంది. దక్షిణ ఫ్రాన్స్‌లో మార్క్ డాక్స్ అనే డాక్టరు 1836లోనే ఇదే సంగతి రాసి పెట్టుకుని, మరుసటేడు పోయాడు. ఆ కాగితాలు కొడుకు బయటికి తెచ్చేసరికి 1865 అయింది. క్రెడిట్ మాత్రం చాలావరకు బ్రోకాకే దక్కింది.

బ్రోకా చెప్పింది మాట గురించే. తర్కం, కళ అంటూ మెదడుని పంచిపెట్టలేదు. కుడి సగం ఖాళీగా కూర్చోదని తర్వాతి వాళ్ళు కనిపెట్టారు. గొంతులోని భావం పట్టుకోవడంలో, చుట్టూ ఉన్న చోటుని గమనించడంలో దానిదే పెద్ద చెయ్యి. అక్కడ దెబ్బ తగిలిన కొందరు కంచంలో కుడివైపు అన్నం తినేసి, ఎడమవైపు అన్నం ఉన్న సంగతే గుర్తించరు. కానీ ఒక లెక్క చెయ్యడానికైనా, ఒక పద్యం రాయడానికైనా రెండు సగాలూ కావాలి. కుడిచేతి వాటం వాళ్ళలో నూటికి 95 మందికి మాట ఎడమవైపే, ఎడమచేతి వాటం వాళ్ళలో కూడా ఎక్కువమందికి అంతే.

నాకు మింగుడుపడనిది ఒకటుంది. ఇంత ఆచితూచి అడుగేసిన మనిషి పుర్రెల దగ్గరికొచ్చేసరికి మారిపోయాడు. 292 మంది మగవాళ్ళ మెదళ్ళ సగటు బరువు 1325 గ్రాములు, 140 మంది ఆడవాళ్ళవి 1144 గ్రాములు అని తూచి, ఆ తేడాలో కొంత ఆడవాళ్ళకి తెలివి తక్కువ కాబట్టే అనేశాడు. ఒంటి సైజుని బట్టి మెదడు సైజు మారుతుందని ఆయనకి తెలుసు. అయినా ఆ లెక్క తీసి చూడలేదు. జాతుల విషయంలోనూ అదే వరస. లెబోర్న్ విషయంలో నాలుగేళ్ళు ఆగినవాడు ఇక్కడ నాలుగు నిమిషాలు కూడా ఆగలేదనిపిస్తుంది.

1880లో సెనేటర్ అయ్యాడు, అదే ఏడు జులైలో 56 ఏళ్ళకే పోయాడు. ఆయన మెదడుని కూడా పారిస్‌లో సీసాలో దాచారు. కార్ల్ సాగన్ 1979లో తన పుస్తకానికి దాని పేరే పెట్టాడు. లెబోర్న్ మెదడూ పారిస్‌లోనే ఉంది. కోయకుండా ఉంచడం వల్ల, దాదాపు 150 ఏళ్ళ తర్వాత దాన్ని ఎమ్మారై యంత్రంలో పెట్టి చూడగలిగారు. 2007లో ఆ ఫలితాలు వచ్చాయి. దెబ్బ బ్రోకా పైనుంచి చూసిన చోటుతో ఆగలేదు, లోపలికి చాలా దూరం వెళ్ళింది.