రక్తం దారి చెప్పిన హకీమ్ ఇబ్నె నఫీస్

గుండెలోని రక్తం ఊపిరితిత్తులకు వెళ్లి, గాలి కలుపుకుని తిరిగి గుండెకు వస్తుందని నేడు స్కూలు పిల్లలకూ తెలుసు. ఈ దారిని మొట్టమొదట రాసిపెట్టిన వైద్యుడిగా చరిత్రకారులు చెప్పే పేరు అలావుద్దీన్ ఇబ్నె నఫీస్.

ఆయన 1213లో డమాస్కస్ ప్రాంతంలో పుట్టారు. అక్కడి నూరీ ఆసుపత్రిలో వైద్యం నేర్చుకుని కైరోలో స్థిరపడ్డారు. రోగులను చూస్తూనే మస్రూరియా మదరసాలో షాఫయీ ఫిఖ్హ్ పాఠాలు చెప్పేవారు.

1242లో, అంటే 29 ఏళ్ల వయసులో, ఇబ్నె సీనా రాసిన 'ఖానూన్'లోని శరీర నిర్మాణ భాగాలకు షరహ్ రాశారు. గుండె మధ్య గోడకు సన్నటి రంధ్రాలున్నాయని, కుడి గదిలోని రక్తం వాటిగుండా ఎడమ గదిలోకి దిగుతుందని గ్రీకు వైద్యుడు గాలెన్ వెయ్యేళ్ల కిందట చెప్పారు. ఇబ్నె సీనా కూడా దాన్నే ఒప్పుకున్నారు. ఆ గోడ మందంగా ఉంటుంది, కనిపించేవీ కనిపించనివీ ఏ రంధ్రాలూ లేవని ఇబ్నె నఫీస్ తేల్చేశారు. మరి రక్తం అటు ఎలా వెళ్తుంది? ఊపిరితిత్తుల మీదుగానే. అంతేకాదు, గుండెకు ఆహారం దాని కండలోనే ఉన్న నాళాల నుంచి అందుతుందనీ రాశారు. తాను ఎవరి పుస్తకం వివరిస్తున్నారో ఆ మహానుభావుడినే కాదనడం చిన్న ధైర్యమా!

షరీఅత్, మనసులోని జాలి తనను శవాలు కోయనివ్వలేదని ఆయనే రాసుకున్నారు. అలాంటప్పుడు ఇంత కచ్చితంగా ఎలా చెప్పగలిగారన్నదానిపై వాదన ఇంకా నడుస్తూనే ఉంది. అయితే రక్తం ఒళ్లంతా తిరిగి గుండెకే చేరుతుందన్న దాకా ఆయన వెళ్లలేదు. అది 1628లో ఇంగ్లండ్ డాక్టర్ విలియం హార్వే నిరూపించారు.

ఒకసారి హమామ్‌లో స్నానం మధ్యలో బయటికొచ్చి, కాగితం కలం తెప్పించుకుని, నాడి గురించి ఓ రిసాలా పూర్తిచేసి, మళ్లీ స్నానానికి వెళ్లారట. ఆయన పేరు మీదున్న 'మూజజ్'ను మన దేశంలోనూ యునానీ హకీములు తరతరాలుగా చదివారు. చిత్రమేమంటే, అందులో శరీర నిర్మాణం భాగమే లేదు!

చివరి జబ్బులో మందుగా సారాయి తాగమని తోటి హకీములు చెప్పినా ఆయన ఒప్పుకోలేదని జీవితచరిత్రకారులు రాశారు. 1288 డిసెంబర్ 17న కైరోలో కన్నుమూశారు. ఇల్లు, పుస్తకాలు అప్పుడే కొత్తగా కట్టిన మన్సూరీ ఆసుపత్రికి ఇచ్చేశారు.

ఆ తర్వాత ఆ షరహ్ సంగతి దాదాపు మరుగున పడిపోయింది. ఈ ఘనత 1553లో రాసిన స్పెయిన్ పండితుడు సెర్వేటస్‌దేనని యూరప్ నమ్మింది. జర్మనీలో చదువుతున్న ఈజిప్టు డాక్టర్ ముహియుద్దీన్ తతావీ బెర్లిన్ లైబ్రరీలో ఆ రాతప్రతిని చూసి, 1924లో దానిపైనే తన థీసిస్ రాశారు.