బీథోవెన్ దాచిన మాట

పిల్లలూ, కొత్త బడికి వచ్చిన అబ్బాయి పిలిస్తే పలకకపోతే భాష రాదేమో, పొగరేమో అనుకుంటాం. ఒక ఊళ్లో పనిచేస్తున్నప్పుడు మేమూ అలాగే పొరబడ్డాం. వెనక బెంచీ అబ్బాయి జవాబు చెప్పనిది తెలుగు రాక కాదు, మా మాట వినబడక. ఆ సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అప్పటి నుంచి ఏ ఊరికి బదిలీ అయినా బీథోవెన్ కథ చెబుతున్నాం.

లుడ్విగ్ వాన్ బీథోవెన్ 1770లో నేటి జర్మనీలోని బాన్ నగరంలో పుట్టాడు. 1792లో వియన్నా చేరి పియానో విద్వాంసుడిగా గొప్ప పేరు తెచ్చుకున్నాడు. ముప్పై ఏళ్లు నిండకముందే చెవుల్లో రాత్రీపగలూ హోరు మొదలైంది. నాటకశాలలో బాగా ముందుకు వెళ్లి కూర్చుంటేనే నటుల మాటలు తెలిసేవి. కాస్త దూరమైతే వాద్యాల పైస్థాయి స్వరాలు అందేవి కావు. ఎవరైనా మెల్లగా మాట్లాడితే శబ్దం వినబడేది కాని మాటలు అర్థమయ్యేవి కావు. గట్టిగా అరిస్తే భరించలేకపోయేవాడు.

సంగీతం తెలిసినవాడికి చెవుడంటే నలుగురూ ఏమనుకుంటారోనని ఆయన జనంలోకి వెళ్లడం మానేశాడు. చూసినవాళ్లు మనుషులంటే గిట్టనివాడనుకున్నారు. 1801లో చిన్ననాటి స్నేహితుడు, వైద్యుడు అయిన వెగెలర్‌కు ఉత్తరం రాసి గుట్టు విప్పాడు. ఎవరికీ చెప్పవద్దని కోరాడు. 1802లో హైలిగెన్‌ష్టాట్ అనే పల్లెలో ఉంటూ తమ్ముళ్లకు తన బాధంతా రాశాడు. పక్కవాళ్లకు దూరాన వేణువు వినిపిస్తుంటే తనకు వినబడని అవమానం అందులో ఉంది. బతుకు మీద విరక్తి కలిగినా, తనలోని సంగీతమంతా బయటికి తేవడం కోసం నిలిచాడు. ఆ కాగితాలు ఎవరికీ పంపలేదు. ఆయన మరణం తర్వాతే దొరికాయి.

1818 నుంచి ఇంటికి వచ్చినవాళ్లు చెప్పదలచింది పుస్తకంలో రాసి చూపేవారు. 1824 మే 7న వియన్నాలో తొమ్మిదవ సింఫనీ విని సభ చప్పట్లతో మార్మోగినా ఆయనకు తెలియలేదు. ఒక గాయని ఆయనను జనం వైపు తిప్పింది. ఊగుతున్న చేతులు చూశాకే అర్థమైంది. 1827 మార్చి 26న కన్నుమూశాడు.

ఆ రోజుల్లో వైద్యులు పెద్దగా ఏమీ చేయలేకపోయారు. ఇప్పుడు వినికిడి పరీక్ష ఉంది, చెవికి పెట్టుకునే యంత్రాలున్నాయి. మీ పక్కవాడు మాటిమాటికీ ఏమన్నావని అడిగినా, టీవీ శబ్దం బాగా పెంచినా, మాట్లాడేవాళ్ల పెదవుల వైపే చూస్తున్నా నవ్వకండి, మాకు చెప్పండి. మీకే అలా ఉంటే అమ్మకో నాన్నకో చెప్పండి. కొత్త బడిలో మొహమాటం ఎలా ఉంటుందో మాకూ తెలుసు. అయినా చెవి సంగతి మాత్రం దాచుకోకండి.