గీచి చూచి తీసిన చిత్రము: సత్యజిత్ రాయ్ జీవితము

చలనచిత్రమును తీయుటకు ముందుగా దృశ్యములను వరుసగా చిన్న గడులలో గీచుకొను పద్ధతిని స్టోరీబోర్డు అందురు. ఒక్కొక్క గడి యొక్కొక్క షాటు. పాత్ర యెచట నిలిచినది, కెమేరా దగ్గఱనున్నదా దూరముననున్నదా, పిదప కనుపడునదేది యను విషయములను ఆ బొమ్మలే తెలుపును. ఇట్టి బొమ్మల విలువ యెట్టిదో సత్యజిత్ రాయ్ జీవితము మనకు బోధించును.

ఇతడు 1921వ సంవత్సరము మే 2వ తేదీన కలకత్తాలో జన్మించెను. తాత ఉపేంద్రకిశోరుడును, తండ్రి సుకుమారుడును బాలసాహిత్యమునందు, చిత్రలేఖనమునందు పేరొందినవారు. రెండేండ్ల ప్రాయముననే తండ్రి గతింపగా తల్లి సుప్రభాదేవి యితనిని పెంచెను. 1940లో శాంతినికేతనము చేరి నందలాల్ బోసు మొదలగువారియొద్ద చిత్రకళ నభ్యసించెను. 1943లో కలకత్తాలోని డి. జె. కీమర్ అను ప్రకటనల కంపెనీలో నెలకు 80 రూపాయల జీతమునకు చిత్రకారుడుగా చేరెను. పుస్తకములకును బొమ్మలు వేయుచుండెను. విభూతిభూషణ్ బంద్యోపాధ్యాయుని 'పథేర్ పాంచాలి' నవలకు వెలువడిన బాలల సంగ్రహమునకు బొమ్మలు వేయుచుండగా ఆ కథ యితని మనస్సున నాటుకొనెను. 1950లో లండనున కొన్ని నెలలుండి సుమారు నూఱు చిత్రములను చూచెను. వానిలో 'బైసికిల్ థీవ్స్' అను ఇటలీ చిత్రము, కొలది ధనముతో, క్రొత్త నటులతో, వీధులలోనే చిత్రము తీయవచ్చునను ధైర్యమును కలిగించెను.

స్వదేశమునకు వచ్చిన పిమ్మట, కథనమునంతయు మాటలలో వ్రాయుటకు మాఱుగా, ఒక పుస్తకమునిండ సిరాతో బొమ్మలు గీచెను. వానిని చేతబట్టుకొని నిర్మాతలను దర్శించెను గాని ధనమిచ్చువారు లేకపోయిరి. అయినను వెనుదీయక, భీమాపత్రముపై అప్పు తెచ్చి 1952 అక్టోబరు 27వ తేదీన పని ప్రారంభించెను. ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర నూనూగు మీసముల యువకుడు. అంతకుముందు సినిమా కెమేరా పట్టి యెఱుగడు. అట్టివారికి పది మాటలకంటె ఒక బొమ్మ త్వరగా బోధపడును.

తొలుత తీయబూనినది అక్కాతమ్ములగు దుర్గయు అపుయు తెల్లని రెల్లుపూల నడుమ తిరుగు దృశ్యము. కొంత తీసి, కొన్ని దినములకు మరల వచ్చి చూడగా, పశువులు ఆ పూలనెల్ల మేసిపోయినవి! మఱుసటియేడు పూలు పూచువఱకు వేచియుండవలసి వచ్చెను. పొలములోని పూలు పోయినను పుస్తకములోని బొమ్మలు పోలేదు.

ధనము లేక పని పలుమాఱు నిలిచెను. పుస్తకములు, గ్రామఫోను రికార్డులు అమ్ముడుపోయెను. భార్య బిజోయా నగలు కుదువకు పోయెను. ఈలోగా అపు కంఠస్వరము మాఱునేమో, దుర్గ యెదిగిపోవునేమో, అవ్వ వేషము ధరించిన యెనుబదేండ్ల చునీబాలాదేవి కాలధర్మము నొందునేమో యని రాయ్ దిగులుపడుచుండెను. ఆ మూడింటిలో ఏదియు జరుగలేదు. తుదకు పశ్చిమ బెంగాలు ప్రభుత్వము ధనమొసగగా 1955లో చిత్రము పూర్తియై వెలువడెను. 1956లో ఫ్రాన్సులోని కాన్ ఉత్సవమున బహుమానము నందెను.

కీర్తి వచ్చిన తరువాతను రాయ్ ఈ యలవాటును విడువలేదు. ఎఱ్ఱగుడ్డ అట్టగల చిట్టాపుస్తకములలో సంభాషణల ప్రక్కనే దృశ్యములను, వేషములను గీచుకొనెడివాడు. 1992 ఏప్రిల్ 23వ తేదీన దివంగతుడయ్యెను. ఆ తొలి బొమ్మల పుస్తకము 2016లో అచ్చయి లోకమునకు లభించినది.

విద్యార్థులారా! ఐదు నిమిషముల చిత్రమునైనను తీయగోరినచో ముందుగా కాగితమును, పెన్సిలును చేతబట్టుడు. బొమ్మలు అందముగా నుండనక్కఱలేదు. ఎవరు ఎచటనున్నారో తెలిసిన చాలును. గడులను వరుసగా గోడకంటించి, కథ తెలియని స్నేహితునికి చూపుడు. అతనికి అర్థముకాని చోటనే మీ చిత్రమునకు లోపమున్నదని గ్రహింపుడు. కాగితముపై ఆ లోపమును దిద్దుటకు ఒక రబ్బరు ముక్క చాలును.