రిచర్డ్ స్ట్రాస్: సంగీతం, సంసారం, సర్కారు

స్ట్రాస్ అనగానే చాలామందికి వియన్నా వాల్ట్జ్ బాణీల జోహాన్ స్ట్రాస్ గుర్తొస్తారు. ఆయనకూ, ఇక్కడ చెప్పుకుంటున్న రిచర్డ్ స్ట్రాస్‌కూ ఏ చుట్టరికమూ లేదు. ఈయన జర్మన్. ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ సినిమా మొదట్లో సూర్యుడు పైకి వస్తుండగా మోగే బాకాలు విన్నవారికి ఈయన సంగీతం పరిచయమే. అది 1896లో రాసిన ‘ఆల్సో స్ప్రాఖ్ జరతూస్త్ర’ ఆరంభం.

1864 జూన్ 11న మ్యూనిక్‌లో పుట్టారు. తండ్రి ఫ్రాంజ్ అక్కడి ఆస్థాన వాద్యబృందంలో హార్న్ వాయించేవారు. తల్లిది బీరు తయారీలో పేరున్న కుటుంబం. నాలుగేళ్లకు పియానో పట్టిన పిల్లవాడు ఆరేళ్లకే సొంత బాణీలు కట్టాడు. తండ్రికి వాగ్నర్ సంగీతమంటే గిట్టదు. అయినా ఉద్యోగధర్మంగా వాగ్నర్ ఒపేరాల్లో హార్న్ అద్భుతంగా వాయించేవారు. కొడుకు చివరికి ఆ వాగ్నర్ దారే పట్టాడు. ఇంట్లో వద్దన్నదాని మీదే పిల్లలకు మనసు పోవడం ఏ దేశంలోనైనా ఉన్నదే!

1885లో ప్రసిద్ధ కండక్టర్ హాన్స్ ఫాన్ బ్యూలో ఆయన్ను మైనింగెన్‌లో సహాయకుడిగా తీసుకున్నారు. కొద్ది నెలలకే గురువు తప్పుకోవడంతో 21 ఏళ్ల కుర్రవాడి మీద బృందమంతా పడింది. తర్వాత మ్యూనిక్, వైమార్, మళ్లీ మ్యూనిక్, 1898 నుంచి బెర్లిన్. 1889లో వైమార్‌లో తానే నడిపించిన ‘డాన్ హువాన్’తో పేరు దేశమంతా పాకింది. చేతులు పెద్దగా ఊపకుండా, నింపాదిగా నడిపించడం ఆయన పద్ధతి. 1894లో గాయని పౌలీన్ డి ఆనాను పెళ్లాడారు. ఆమె నోటి దురుసు ఊరంతా ఎరిగినదే. కానీ ఆయన రాసిన ఎన్నో పాటలు ఆమె గొంతు కోసమే.

1905లో వచ్చిన ‘సలోమే’ ఒపేరా గొడవలు రేపింది, డబ్బూ తెచ్చింది. ఆ రాబడితోనే గార్మిష్‌లో ఇల్లు కట్టుకున్నారు. డబ్బు మనిషని కొందరు ఎద్దేవా చేశారు గానీ, ప్రతి ప్రదర్శనకూ స్వరకర్తకు న్యాయంగా ముట్టాల్సింది ముట్టాలని పోరాడి, 1903లో తోటివారితో కలిసి సంఘం పెట్టింది కూడా ఆయనే.

అసలు చిక్కు ముసలితనంలో వచ్చింది. తరగతిలో ఈ జీవితం చెప్పేటప్పుడు ఇక్కడ దాటవేయడం సులువు, కానీ అది సరికాదు. 1933లో హిట్లర్ గద్దెనెక్కాక, యూదుడైన బ్రూనో వాల్టర్‌ను తప్పించిన కచేరీని స్ట్రాస్ నడిపించారు. ఆ ఏడాదే సర్కారు సంగీత మండలికి అధ్యక్షుడయ్యారు. అదే సమయంలో ‘ది ష్వైగ్‌జామె ఫ్రౌ’ ఒపేరాకు మాటలు రాయించుకున్నది యూదు రచయిత స్టెఫాన్ జ్వైగ్ చేత! 1935లో డ్రెస్డెన్ ప్రదర్శన ప్రకటనల్లో జ్వైగ్ పేరు ఉండాల్సిందేనని పట్టుబట్టారు. జ్వైగ్‌కు రాసిన ఉత్తరం రహస్య పోలీసుల చేతికి చిక్కింది. పదవి పోయింది. బతిమాలుతూ హిట్లర్‌కు ఉత్తరం రాశారు, జవాబు రాలేదు.

ఆయన భయానికి కారణం ఇంట్లోనే ఉంది. కోడలు ఆలిస్ యూదు. కాబట్టి మనవళ్లిద్దరికీ ముప్పే. కోడలి అమ్మమ్మను టెరెజీన్‌స్టాట్ నిర్బంధ శిబిరంలో పెట్టారని తెలిసి, తన పేరు చెబితే వదులుతారనుకుని కారులో శిబిరం గేటు దాకా వెళ్లారు. కాపలావాళ్లు వెనక్కి పంపేశారు. ఆలిస్ బంధువుల్లో ఎందరో శిబిరాల్లో ప్రాణాలు వదిలారు. ఆలిస్, పిల్లలు మిగిలారు. వాళ్లను కాపాడుకున్నారని మెచ్చుకుంటాను. కానీ 1933లో ఆ కుర్చీ ఎక్కిననాటి కారణం అదొక్కటే అంటే మాత్రం నమ్మబుద్ధి కాదు. సొంత హోదా మీద మమకారమూ ఉంది.

1943లో బాంబుల కింద మ్యూనిక్ ఒపేరా భవనం కూలింది. తండ్రి హార్న్ వాయించిన చోటు అది. 1945 ఏప్రిల్‌లో 23 తంత్రీవాద్యాల కోసం రాసిన ‘మెటామార్ఫోజెన్’లో ఆ శోకమంతా ఉంది. యుద్ధానంతర విచారణ 1948లో ఆయన్ను నిర్దోషిగా తేల్చింది. అదే ఏడాది, 84 ఏళ్ల వయసులో, సోప్రానో గొంతుకూ వాద్యబృందానికీ నాలుగు పాటలు రాశారు. 1949 సెప్టెంబర్ 8న గార్మిష్‌లో కన్నుమూశారు. ఆ పాటలు తొలిసారి లండన్‌లో 1950 మే 22న వినిపించాయి. ఆయన వినలేదు. పౌలీనూ వినలేదు, అంతకు తొమ్మిది రోజుల ముందే ఆమె పోయారు.