ఓల్నీ గీతకర్త జాన్ న్యూటన్

ఇంగ్లండు దేశంలో బకింగ్‌హాంషైరు మండలమున ఊజ్ నది ఒడ్డున ఓల్నీ అను చిన్న పట్టణం కలదు. పదునెనిమిదవ శతాబ్దంలో అచ్చటి పేదలలో పలువురికి లేసు అల్లికయే జీవనాధారం. పగలెల్ల నడుము వంచి కూర్చుండి దారములు పెనవేసినను చాలీచాలని కూలియే దక్కెడిది. 1764లో ఆ ఊరి దేవాలయానికి ఉపగురువుగా నలుబదికి చేరువైన ఒక వ్యక్తి వచ్చినాడు. అతడు పదేండ్ల క్రిందటి వరకు బానిసలను మోసిన ఓడలకు నాయకుడు. అతడే జాన్ న్యూటన్.

న్యూటన్ 1725లో లండను నగరంలోని వాపింగ్ రేవు ప్రాంతమున జన్మించినాడు. తండ్రి వర్తకపు ఓడలకు అధిపతి. భక్తురాలైన తల్లి పసివానికి ఐజాక్ వాట్స్ రచించిన గీతాలను నేర్పినది. ఏడేండ్లైన నిండకముందే ఆ తల్లి క్షయవ్యాధితో మరణించినది. పదునొకండవ ఏట తండ్రితో ఓడ ఎక్కిన బాలుడు క్రమంగా దుర్మార్గములకు అలవడినాడు. 1744లో బలవంతంగా నౌకాదళమున చేర్పబడి, పారిపోజూచి పట్టుబడి, కొరడా దెబ్బలు తిన్నాడు. పిదప పడమటి ఆఫ్రికా తీరంలో ఒక బానిస వర్తకుని కొలువున ఆకలితోను జ్వరంతోను అలమటించినాడు.

1748 మార్చిలో అతడు స్వదేశానికి మరలి వచ్చుచున్న ఓడ పెనుతుఫానులో చిక్కుకొన్నది. గంటల తరబడి నీరు తోడుచు, చుక్కాని పట్టుచు, అతడు మృత్యుముఖంలో దైవమును తలచినాడు. అతని జీవితంలో అది గొప్ప మలుపు. కాని మారిన మనస్సు వెంటనే వృత్తిని మార్చలేదు. 1750 మొదలు 1754 వరకు మూడు పర్యాయములు బానిసల ఓడలను తానే నడపినాడు. ఆదివారములందు పైతట్టున నావికులచే ప్రార్థన చేయించుచుండగా, క్రింది తట్టున సంకెళ్ళలో మానవులు మూల్గుచుండిరి. ఆ వైరుధ్యం నాడతనికి కనబడలేదు. 1754లో సముద్రయానము మానిపించినది సైతం అంతరాత్మ కాదు, హఠాత్తుగా వచ్చిన మూర్ఛ.

తరువాత లివర్‌పూలు రేవులో ఉద్యోగం చేయుచు గ్రీకు, హీబ్రూ భాషలను అభ్యసించి, ఏండ్ల తరబడి ప్రయత్నించి గురుత్వం పొందినాడు. ఓల్నీలో అతనికి ఎదురైన సమస్య, చదువు అంతంతమాత్రమైన జనులకు ఆరాధనను హృదయమునకు అందునట్లు చేయుట ఎట్లు అనునది. ఆ కాలమున ఆంగ్లికన్ దేవాలయాలలో పాడునవి ఎక్కువగా ఛందస్సున కూర్చిన దావీదు కీర్తనలే. న్యూటన్ వారము మధ్యలో ప్రార్థనా సమావేశాలు నెలకొల్పి, వానికై క్రొత్త గీతాలు వ్రాసినాడు. తాను బోధింపబోవు వేదభాగము నుండియే పలుమార్లు గీతం పుట్టెడిది. వినిన బోధయే పాటయై నాలుకపై నిలిచెడిది. పాండిత్యమును ప్రకటించు పదములను అతడు బుద్ధిపూర్వకంగా విడిచినాడు. ఎనిమిది, ఆరు అక్షరముల చొప్పున నడచు పాదములు గల ఛందస్సులు ఎన్నుకొనుటచే జనులు తమకు తెలిసిన రాగముననే క్రొత్త పాటను పాడగలిగిరి.

1767లో ఓల్నీకి వచ్చిన విలియం కూపర్ అను కవి అతనికి ఆప్తమిత్రుడై, తానును గీతాలు రచించినాడు. 1773 జనవరి మొదటి దినపు బోధ కొరకు న్యూటన్ వ్రాసిన గీతమే నేడు అమేజింగ్ గ్రేస్ అను పేరున లోకమెల్ల ఎరిగినది. ఆ మాసముననే కూపర్ మతిస్థిమితం తప్పినాడు. పిదప చాలకాలం గీతరచనకు పూనుకొనలేకపోయినాడు. న్యూటన్ తన మిత్రుని ఇంట ఉంచుకొని నెలల తరబడి పరామర్శించినాడు. ఇరువురి గీతాలు 348 చేర్చి 1779లో ఓల్నీ గీతములు అను గ్రంథం వెలువడినది. అందు స్వరములు లేవు. అమేజింగ్ గ్రేస్ పాటకు నేటి రాగము అమెరికాలో 1835లో జతపడినది. కర్త దానిని ఎన్నడును ఆ రాగమున వినలేదు.

1780లో న్యూటన్ లండనులోని సెయింట్ మేరీ వుల్నోత్ దేవాలయానికి తరలినాడు. 1785లో విలియం విల్బర్‌ఫోర్స్ అను యువ పార్లమెంటు సభ్యుడు సలహా కోరి వచ్చినప్పుడు, రాజకీయములను విడువక అందే ఉండి సేవ చేయుమని ప్రబోధించినాడు. 1788లో, ఓడ దిగిన ముప్పది నాలుగేండ్లకు, బానిస వర్తకమును గూర్చి ఒక చిన్న గ్రంథం ప్రకటించి, తన చేతులతో చేసిన పనులను లోకము ఎదుట ఒప్పుకొన్నాడు. ఆ ఒప్పుకోలు ఆలస్యమైనదని అతడు దాచలేదు. పార్లమెంటు సంఘము ఎదుటను సాక్ష్యమిచ్చినాడు. 1807 మార్చిలో బానిస వర్తకము నిషేధించు శాసనం వెలువడినది. అదే సంవత్సరం డిసెంబరు 21న న్యూటన్ కన్ను మూసినాడు.

తాను తప్పిపోయినవాడనని 1773లో పాటలో పాడుకొన్న మానవుడు, ఆ తప్పిదమునకు పేరు పెట్టి చెప్పుటకు మరి పదునైదేండ్లు పట్టినది. పాట ముందు నడచినది. జీవితం దానిని వెంబడించి చేరుకొన్నది. లేసు అల్లు పేదల నోట పలికించుటకై వ్రాసిన మాటలు, వ్రాసినవానికే చివరకు పాఠములైనవి.