భూదాన యాత్రికుడు వినోబా భావే

పోచంపల్లి యనగానే మన బాలబాలికలకు పట్టుచీరలు జ్ఞప్తికి వచ్చును. నేడు యాదాద్రి భువనగిరి జిల్లాలో జేరిన ఆ పూర్వపు నల్లగొండ గ్రామమునకు భూదాన పోచంపల్లి యను పేరెట్లు కలిగెనో యెరిగినవారు కొలదిమందియే. అందుకు కారణభూతుడైన మహనీయుని చరిత్రము మనకెల్లరకు పఠనీయము.

వినాయక నరహరి భావే 1895వ సంవత్సరము సెప్టెంబరు 11వ తేదీన మహారాష్ట్ర దేశమందలి గాగోదె గ్రామమున జన్మించెను. 1916లో పరీక్షకై బొంబాయికి బయలుదేరి, త్రోవలో మనసు మార్చుకొని కాశికి బోయెను. ఆ యేడే గాంధీ మహాత్ముని యాశ్రమమున జేరెను. 1940లో వ్యక్తి సత్యాగ్రహమునకు మహాత్ముడు ప్రథమమున నెన్నుకొనినది ఈయననే. ఆయన పెక్కు భాషలు నేర్చి, గీతతోపాటు ఖురానును, మన బైబిలును శ్రద్ధతో పఠించెను.

1951 నాటికి తెలంగాణ సీమ గాయపడియుండెను. భూమికై రేగిన పోరు, రజాకార్ల దౌర్జన్యము, 1948లో సైన్యము వచ్చిన పిమ్మటి నిర్బంధము, వీనివలన ఎందరో తల్లులు బిడ్డలను గోల్పోయిరి. పల్లెజనులు పగలు పోలీసులకు, రాత్రి సాయుధదళములకు జంకుచుండిరి. ఆ కాలమున శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనమునకు వార్ధా ప్రాంతమునుండి కాలినడకన వచ్చిన వినోబా, హైదరాబాదు చెరసాలలోని కమ్యూనిస్టు ఖైదీలను దర్శించి, పిదప నల్లగొండ వైపు నడచెను.

ఏప్రిలు 18వ తేదీన పోచంపల్లి జేరి, హరిజనవాడకు బోయి వారి కష్టసుఖముల నడిగెను. అచ్చటి 40 కుటుంబములవారు 80 ఎకరముల భూమి యున్న చాలునని వేడుకొనిరి. గ్రామస్థులలో నెవరైన నీయగలరా యని వినోబా యడుగగా, భూస్వామియైన వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరములు సమర్పించెను. కోరినదానికంటె నిరువది యెకరములు హెచ్చు! నాటినుండి 51 దినములు తెలంగాణమున దిరిగి వినోబా 12,000 ఎకరములకు పైగా దానముగా గైకొనెను. తరువాత సుమారు పదుమూడేండ్లు దేశమంతట నడచెను. మొత్తము దానము 40 లక్షల యెకరములను దాటెను.

అయితే సత్యమును మరుగుపరుపరాదు. పత్రములపై వ్రాసినదంతయు పేదల చేతికి జేరలేదు. కొంత సేద్యమునకు పనికిరాని రాతినేల, కొంత వ్యాజ్యములలో జిక్కెను. తెలంగాణమున శాంతి యాయన యొక్కనివలననే కలిగెననుటయు సరికాదు. ఆ యేటి అక్టోబరులో కమ్యూనిస్టు పార్టీయే సాయుధ పోరాటమును విరమించెను. అయినను పగతో నిండిన సీమలో ఉన్నవానిని, లేనివానిని ఒక్కచో గూర్చుండబెట్టి మాటలాడించిన ధైర్యము వినోబాది. 1960లో చంబల్ లోయ బందిపోట్లు పలువురు ఆయన యెదుట ఆయుధములు విడిచిరి. 1982 నవంబరు 15వ తేదీన పౌనార్ ఆశ్రమమున ఆయన తనువు చాలించెను. మరుసటి యేట భారతరత్న బిరుదమీయబడెను.

విద్యార్థులారా! క్రీస్తు ప్రభువు తన యింట నడుగిడిన దినమున జక్కయ్య ఆస్తిలో సగము బీదలకిచ్చిన కథను మీరెరుగుదురు. పోచంపల్లిలో మన పెద్దలు అట్టిదానిని కన్నులార జూచిరి. ఇరుగుపొరుగుతో తగవు వచ్చినపుడు, ఎదుటివాడు ముందు తగ్గవలెనని వేచియుండక, మీరే ముందడుగు వేయుడు. ఆయనను స్మరించుట కదియే తగిన మార్గము.