గుంటూరున సూర్యుని పరిశీలించిన జాన్సెన్

కృష్ణ దాటి గుంటూరునకు పోయివచ్చు మన తిరుమలగిరివారిలో, ఆ యూరు సూర్యశాస్త్రచరిత్రలో కెక్కినదని యెఱిగినవారు కొలదిమందియే. దాని కా ఖ్యాతి తెచ్చినవాడు ఫ్రెంచి దేశీయుడగు జూల్స్ జాన్సెన్.

ఈయన 1824 వ సంవత్సరమున పారిసు నగరమున జన్మించెను. బాల్యమున నొక ప్రమాదముచే కాలు కుంటువడెను. చిన్ననాడే బ్యాంకులో కొలువు చేయుచు చదువుకొనెను. 1857 లో భూమియొక్క అయస్కాంత మధ్యరేఖను నిర్ణయించుటకై పెరూ దేశమునకు పోయెను. కుంటికాలితో నీయన తిరిగిన దేశములను లెక్కించిన మాకు మిక్కిలి ఆశ్చర్యము కలిగినది.

1868 ఆగస్టు 18 న సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకు ఆయన గుంటూరు చేరెను. గ్రహణవేళ సూర్యుని అంచున ఎఱ్ఱని జ్వాలలు కనబడునని పూర్వులెఱుగుదురు. అవి యేమియో యెఱుగరు. వెలుగును రంగులుగా విడదీయు వర్ణపటదర్శినిని వానివైపు త్రిప్పగా ప్రకాశవంతములైన గీతలు కనబడెను. అవి మండుచున్న వాయువులు, ముఖ్యముగా ఉదజని. ఇంత కాంతిగల గీతలు గ్రహణము లేకున్నను కనబడవలెనని ఆయనకు తోచెను. ఆకాశపు వెలుగు అన్ని రంగులలోనికి పఱచుకొని పలుచబడును. జ్వాల వెలుగో, కొన్ని గీతలలోనే కూడి నిలుచును గదా! ఆనాడు మబ్బు క్రమ్మెను. మరునాడు గ్రహణము లేని సూర్యుని చెంతనే ఆ గీతలను మరల చూచెను. కొలది నిమిషముల దర్శనము నిత్యదర్శనమాయెను.

ఈ వార్త పారిసు చేరులోపల, ఇంగ్లండున లాకియరు అక్టోబరు 20 న అదే పద్ధతిని స్వయముగా కనుగొనెను. ఇరువురి లేఖలును పారిసు పరిషత్తునకు ఒకే దినమున అందెను. తగవు రేగలేదు, ఫ్రెంచి ప్రభుత్వము ఇరువురి ముఖములతో నొక పతకమును వేయించెను. హీలియమును గుంటూరుననే కనుగొనిరని కొందఱు వ్రాయుదురు. అది అతిశయోక్తి. పసుపు గీత క్రొత్త మూలకమునకు చెందినదని ఊహించినవాడు లాకియరు. జాన్సెన్ కీర్తికి ఎరువుసొమ్ము అక్కఱలేదు.

1870 లో శత్రువులు ముట్టడించిన పారిసునుండి గ్రహణము చూచుటకై బెలూనులో తప్పించుకొని అల్జీరియాకు పోయెను. అక్కడ మబ్బులే కనబడెను! పిదప మ్యూడన్ వేధశాలను స్థాపించి, సూర్యుని ఛాయాచిత్రములను వేలకొలదిగా తీయించి, 1907 డిసెంబరులో మరణించెను.

మరుసటి యేడే అమెరికాలో హేల్ సూర్యుని మచ్చల వెలుగును వర్ణపటదర్శినితో పరీక్షించి, అందలి గీతలు చీలియుండుటచే అక్కడ బలమైన అయస్కాంతక్షేత్రము గలదని కనుగొనెను. నేడు శాస్త్రజ్ఞులు సూర్యుని ఉపరితలమున ఇట్లు కొలిచిన క్షేత్రమునుబట్టి, పైనుండు కాంతివలయము ఆకారమును ముందుగా గణించుదురు. గ్రహణమునాడు ఆకాశమును చూచి సరిపోల్చుకొందురు.